ఆమెన్ చెప్పకుండా జారుకున్న ప్రార్థన

ప్రార్థన కొండల్ని కదిలిస్తుందంటారు. నా ప్రార్థన స్కానింగు వరుస మొత్తాన్ని కదిలించింది. ఎటు కదిలించిందో చెబుతాను, మీరు మాత్రం ఇలా చేయకండి.

రెండు వేల దశకం మొదట్లో నాకు నెల రోజులుగా కడుపునొప్పి. వనపర్తి డాక్టరు నొక్కి చూసి, "లోపల గ్రంథులు వాచినట్టున్నయి. క్షయనో ఏందో, స్కానింగు చేస్తే తెలుస్తది" అన్నాడు. నేను వెంటనే నా సమాధి మీద రాయించే వాక్యం కూడా ఎంచుకున్నాను. స్కానింగు డాక్టరు వారానికి ఒక్కసారే కర్నూలు నుంచి వస్తాడు, మధ్యాహ్నం బస్సుకు పోతాడు.

"ఏం తినొద్దు, అన్నా. నీళ్లు మస్తు తాగి, పిలిచేదాంక ఒంటికి పోకుండ ఆపుకో" అంది స్కానింగు గది ముందు నర్సు. నోవహు ఓడ తేలేటన్ని తాగాను.

పక్కనున్న బిజినేపల్లి ముసలమ్మ నా చేతిలో బైబిలు చూసింది. "అయ్యా, నా కడుపు కోసం గూడ జర ప్రార్థన చెయ్యి."

నీళ్లలో మునుగుతున్న పేతురు మూడు ముక్కల్లో ప్రార్థన ముగించాడు. నీళ్లు నాలోనే ఉన్న నేను ఆదాముతో మొదలుపెట్టాను. మా సంఘంలో ప్రార్థన పొట్టిదైతే భక్తి కూడా పొట్టిదే. బల్లల మీది వాళ్లంతా కళ్లు మూశారు.

"మా అల్లునికి గూడ," అన్నారొకరు.

"నా కిడ్నీల రాళ్లకు గూడ," అన్నారింకొకరు.

వరుసలోనే ఉన్న కిరాణా దుకాణం చాంద్ భాయ్ కూడా దోసిలి పట్టాడు.

మోషే సముద్రం చీల్చే ఘట్టానికి వచ్చేసరికి నాకు గండం ముంచుకొచ్చింది. చెప్పులు చేత పట్టుకుని పిల్లిలా జారుకున్నాను.

తేలికపడి తిరిగొస్తే, ఒక్కరూ కదల్లేదు. మూసిన కళ్లు మూసినట్టే ఉన్నాయి, మొహాల నిండా చెమటలు. నర్సు కూడా కొంగు కప్పుకుని నిలబడింది. నేను మౌనప్రార్థనలో మునిగానని అనుకున్నారు పాపం.

ముసలమ్మ పళ్ల బిగువున అంది, "అయ్యా, ఆమెన్ అను బిడ్డా. మేం గూడ నీళ్లు తాగినోళ్లమే."

నేను నోరు తెరిచేలోపే చాంద్ భాయ్ "ఆమీన్" అనేశాడు. వరుసంతా పెరట్లోకి లేళ్ల మందలా ఉరికింది.

డాక్టరు బయటికొచ్చి ఖాళీ బల్లలు చూశాడు. "అందరు ఏడికి వోయిండ్రు?"

"ఒంటికి, సార్."

"అందరా?"

నర్సు నా వైపు చూపించింది.

అందరం మళ్లీ మొదటి చెంబు నుంచి తాగాం. ఆలస్యం అమృతాన్ని విషం చేస్తుందంటారు, నా ఆలస్యం మంచినీళ్లనే విషం చేసింది. డాక్టరు బస్సు వెళ్లిపోయాక నా వంతు వచ్చింది.

"రెండు మూడు గ్రంథులు వాచినయి గని, భయపడేటంత లేదు. మందులకు తగ్గుతది."

"దేవునికి స్తో..." అంటూ చేతులెత్తబోయాను.

డాక్టరు నా నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. "నీకు దండం పెడ్త, ఆపు. బయట ఇంక నలుగురున్నరు, నిండుగ."

ఒట్టు పెట్టుకోవద్దని వాక్యం. కనుక ఇది ఒట్టు కాదు, గంభీరమైన తీర్మానం: ప్రాణమున్నంత కాలం, ఎదుటివాళ్లు ఒంటికి పోయొచ్చారో లేదో కనుక్కోకుండా ఆదాము పేరెత్తను.