తిప్ప మీది గుడ్లు

శామీర్‌పేటలో నేను మేడ్చల్ బస్సు ఎక్కేసరికి లోపల డ్రైవర్, కండక్టర్, ఇద్దరు ఫ్యాక్టరీ కార్మికులు, మూడు ఉల్లిగడ్డ సంచులు, ఒక ముసలమ్మ, ఆమె ఒళ్లో పాత చీరలో చుట్టిన కుక్క. ఆమె పక్కనే సీటు ఖాళీగా ఉంది.

“ఏందవ్వా గిది? కరుస్తే ఎట్ల?” అన్నాడు కండక్టర్.

“నువ్వేమన్న గుడ్డువా కొడుకా, నిన్ను కరవనీకి?”

కార్మికులు నవ్వారు. కండక్టర్ తల కొట్టుకుని ముందుకు వెళ్లిపోయాడు.

ఆమె పక్కన కూర్చుని గుడ్డేమిటని అడిగాను. వాళ్లది చేపలు పట్టే కుటుంబం. ఎండాకాలం చెరువు మధ్య తిప్ప మీద నీటిపిట్టలు నేల మీదే గుడ్లు పెడతాయి. పిల్లలకు రెక్కలొచ్చేదాకా వీళ్లెవరూ ఆ పక్క వల వేయరు. ఈసారి నీళ్లు తగ్గి, కుక్క తిప్పకు నడిచిపోయింది.

“పగిలిన కోడిగుడ్లు తినవెట్టి నేనే అలవాటు జేసిన. ఇప్పుడు పిట్టల గుడ్లు ఇడుస్తలేదు. మావోళ్లు మందు వెట్టి సంపుతమంటున్నరు. వానలు పడేదాంక గుండ్లపోచంపల్లిల బిడ్డ ఇంట్ల ఉంచుత.”

“మరి ఊళ్లో మిగతా కుక్కలో?”

“గవి ఎవలయి వాళ్లు జూసుకోవాలె. ఇది నాది.”

కిటికీలోంచి చెరువు కనిపించినంతసేపు ఆమె కుక్క కళ్లకు కొంగు అడ్డం పెట్టింది.

వానలకు ముందు మళ్లీ అటు వెళ్లినప్పుడు కట్ట మీద ఆగాను. తిప్ప మీద ఇంకా ఎగరలేని పిల్లలు తిరుగుతున్నాయి. లెక్కపెట్టాను. తొమ్మిది.