యూసుఫ్ రాజ్యం ఒక్క పూట నా చేతికొచ్చింది

మొన్న జరిగింది మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అయినా నా నోట కూడా వినండి. వాళ్ళు చెప్పేదాంట్లో నేను ఏడ్చానని కూడా ఉందట. ఏడవలేదు. చెమట పట్టింది, అంతే.

ఎల్లారెడ్డి బస్టాండు ఎదురుగా నాది సైకిల్ షాపు. పక్క మడిగె యూసుఫ్‌ది. బయట 'కంప్యూటర్ నేర్పబడును' అని బోర్డు ఉంటుంది. లోపల రెండు కంప్యూటర్లుంటాయి. ఒకదాని మీద నేర్చుకునేవాళ్ళు నేర్చుకుంటారు, రెండోదాని మీద యూసుఫ్ రాజ్యం ఏలుతాడు.

అది రాజుల కాలం ఆట. కోట కట్టాలి, పొలాలు వేయించాలి, జనానికి తిండి పెట్టాలి, శత్రువు వస్తే తరమాలి. మొదటి భాగం నేనూ ఆడాను. బంగారం లాంటి ఆట. గొడ్డలిస్తే కట్టెలు కొట్టేవారు, నాగలిస్తే దున్నేవారు, ఎందుకని అడిగినవాడు లేడు. రెండో భాగం వచ్చాక చెడగొట్టారు. ఇందులో ప్రజలకు మనసు పెట్టారు. తెర కింద మూలకు గుండ్రటి మొహం ఒకటి ఉంటుంది. ప్రజలు సుఖంగా ఉంటే నవ్వుతుంది, లేకపోతే మూతి ముడుస్తుంది. మరీ ముడిస్తే, జనం మూటలు నెత్తిన పెట్టుకొని కోట దాటి వెళ్ళిపోతారు. అందరూ పోతే ఆట ముగిసినట్టే. ఇంట్లో ఉన్న అలకలు చాలవన్నట్టు ఇవి కూడా.

పైగా యూసుఫ్ తెచ్చింది హైదరాబాదులో ఎవరో తీసిన కాపీ సీడీ. ఆట ఎంతవరకు వచ్చిందో దాచిపెట్టే 'సేవ్' మీట నొక్కితే కంప్యూటర్ బిగుసుకుపోతుంది. అందుకని రంజాన్ తెల్లారి మొదలుపెట్టినవాడు ఆ కంప్యూటర్‌ను ఇంతవరకు ఆపనే లేదు. కరెంటు పోతే ట్రాక్టర్ బ్యాటరీ అందుకుంటుంది. మనం ఏదీ ముట్టుకోకపోతే రాజ్యం మెల్లగా దానంతటదే నడుస్తుంది.

ఎదురుగా ఉన్న లక్ష్మవ్వ హోటల్లో ఆ రాజ్యం వార్తలు రోజూ చెప్పేది నేనే. "ఇయ్యాల యూసుఫ్ రాజ్యంల రొట్టెలు కరువట. అక్కడికి పోయేటోళ్ళు సద్ది కట్టుకొని పోన్రి" అనేవాణ్ణి. లక్ష్మవ్వ చాయ్‌లో పాలు ఎటు పోతున్నాయో కూడా నేనే చెప్పేవాణ్ణి. మాజీ సర్పంచ్ గంగారెడ్డి బాపు యాటలు కోసి ఊరంతటికీ దావత్ ఇచ్చి, అయినా ఎట్లా ఓడిపోయాడో కొత్తగా వచ్చినవాళ్ళకు నేనే వివరించేవాణ్ణి. ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ఒకరోజు యూసుఫ్‌కు విసుగొచ్చింది.

"నర్సింలు భాయ్, నువ్వే ఒక పూట చూసుకో. రేపు కామారెడ్డిల మా మేనత్త బిడ్డ నిఖా ఉంది. సాయంత్రం బస్సుకు వస్త. అప్పటిదాక రాజ్యం నిలవాలె."

"నిలవకపోతే?"

"నిలవకపోతే నువ్వు మళ్ళ ఈ హోటల్ల నా ముచ్చట ఎత్తద్దు. నాదే కాదు, ఎవ్వరి ముచ్చటా ఎత్తద్దు."

హోటల్లో ఉన్నవాళ్ళంతా చాయ్ గ్లాసులు కింద పెట్టారు. గంగారెడ్డి బాపు "నేను సాక్షి" అన్నాడు. లక్ష్మవ్వ ఎవరూ అడగకుండానే పొయ్యి దగ్గర నుంచి "నేను గూడ" అంది. ఇంతమంది ఒక్క మాట మీద నిలబడడం నేను ఆ హోటల్లో ఎన్నడూ చూడలేదు.

మర్నాడు పొద్దున యూసుఫ్ తెల్ల లాల్చీ వేసుకొని, అత్తరు పూసుకొని వచ్చి నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఏం చెయ్యకు. కూసోని చూడు. గంతే."

కూర్చొని చూశాను. గోధుమ పొలాలు పచ్చగా ఉన్నాయి. మొహం నవ్వుతోంది. కోట తలుపు పక్కన ఒక పాక, దాని ముందు పీపాలు ఉన్నాయి. ఆటలో దాని పేరేమో గాని, మా లెక్కన అది కల్లు కాంపౌండ్. అక్కడ కొందరు కూర్చొని ఉన్నారు. పని వేళ. కాసేపు చూశాను, లేవలేదు. లక్ష్మవ్వ దగ్గరికి పోయి చాయ్ తాగి వచ్చాను, అప్పటికీ లేవలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకొని చేతులూపుతూ మాట్లాడుకుంటున్నారు. నాకు అనుమానం వచ్చింది. ఆ మాటలు రాజు గురించే. ఒక పూట కోసం వచ్చిన రాజు గురించి.

పని మానుకొని కూర్చొని పదిమంది మీద మాట్లాడేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. పాక మీద సుత్తి బొమ్మ పెట్టి నొక్కాను. దుమ్ము లేచింది. పాక లేదు.

మొహం నవ్వు ఆపింది. తరువాత గీతలా అయింది. తరువాత మూతి ముడిచింది. ఒకడు గొడ్డలి కింద పడేసి, మూట నెత్తికెత్తుకొని, తలుపు దాటి పోయాడు. ఒక్కడే కదా అనుకున్నాను. వాడి వెనక ఇంకొకడు బయలుదేరాడు.

జనం మీద పన్ను తీసేశాను. జనం కొంచెం ఆగారు గాని, ఖజానా ఖాళీ అయి సిపాయిలు ఈటెలు కింద పెట్టి కూర్చున్నారు. సరే, కాంపౌండ్ మళ్ళీ కట్టిద్దామనుకున్నాను. కట్టెలు కావాలంది. కట్టెలు కొట్టేవాడే మొట్టమొదట పోయాడు. చెమటకు మౌస్ చేతిలో జారుతోంది. గోడ మీద గడియారం చూస్తే యూసుఫ్ అక్కడ బస్సెక్కే వేళ దగ్గర పడుతోంది. రేపటి నుంచి హోటల్లో నోరు మూసుకొని కూర్చున్న నన్ను నేను ఊహించుకున్నాను.

రోడ్డు దాటి హోటల్లోకి ఉరికాను.

"బాపూ, జనం ఊరిడిసి పోతుండ్రు. ఏం జెయ్యాలె?"

"ఏ ఊరు?"

"యూసుఫ్‌ది."

గంగారెడ్డి బాపు సాసర్లో మిగిలిన చాయ్ నింపాదిగా తాగాడు.

"యాట కోపియ్యి. దావత్ ఇయ్యి. కడుపు నిండినోడు యాడికి పోతడు?"

"అసలు ఏమైంది బిడ్డా, మొదటి సంది చెప్పు" అంది లక్ష్మవ్వ, ఎంతో ప్రేమగా. ఆమె నాతో ప్రేమగా మాట్లాడింది అదే మొదటిసారి. అప్పుడే నాకు తెలియాల్సింది. తెలియలేదు. కాంపౌండ్, పన్ను, కట్టెలు కొట్టేవాడు, సిపాయిలు, అన్నీ వరసగా చెప్పేశాను. బెంచీ మీద ఇద్దరు ఆటోవాళ్ళు ఉన్నారు. వాళ్ళు కూడా విన్నారు.

మళ్ళీ ఉరికి వచ్చి దావత్ మీట నొక్కాను. గాదె తెరుచుకుంది. మొహం ఇంత నవ్వు నవ్వింది. పోతున్నవాళ్ళు కూడా తలుపు దగ్గరి నుంచి వెనక్కి తిరిగి వచ్చారు. నేను కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి పీల్చుకున్నాను.

అందరూ తిన్నారు. గాదె ఊడ్చినట్టయింది. తిన్నాక తీరిగ్గా మూటలు ఎత్తుకున్నారు. రైతులు పోయారు, సిపాయిలు పోయారు, ఆఖరికి వంటవాడు కూడా పోయాడు. కోటలో రాజు ఒక్కడే మిగిలాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, దావత్ తిన్న ఊరు బాపుకు ఏం చేసిందో. ఆ ముచ్చట వందలమందికి చెప్పినవాణ్ణి నేనే.

తెర మీద ఇంగ్లీషులో ఏదో రాసి వచ్చింది. చదవకుండానే అర్థమైంది.

ఇక మిగిలింది ఒక్కటే దారి. కరెంటు తీగ పీకాను, బ్యాటరీ తీగ కూడా పీకాను. తెర నల్లబడింది. 'కరెంటు పోయింది, నీ బ్యాటరీ దగా చేసింది, నేనేం జేస్త' అని చెప్పాలి. నాకే నిజమనిపించేదాకా ఆ మాటే అనుకుంటూ కూర్చున్నాను.

బస్సు వచ్చింది. యూసుఫ్ చేతిలో బిర్యానీ డబ్బాతో దిగి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. నేను నోరు తెరిచాను.

"కల్లు కాంపౌండ్ ఎందుకు కూలగొట్టినవ్ భాయ్?" అన్నాడు.

కరెంటు ముచ్చట మింగేశాను.

"నీకెవరు చెప్పిండ్రు?"

"లింగంపేటల బస్సు ఆగితే ఆటోవాళ్ళు చెప్పిండ్రు. యాట గూడ కోపిచ్చినవంట."

ఈ తాలూకాలో ఏ వార్తా నా కంటే ముందు లింగంపేట చేరలేదు. ఇది చేరింది. చేర్చింది కూడా నేనే.

యూసుఫ్ నన్ను హోటల్‌కు తీసుకుపోయాడు. నా చోటు ఖాళీగా పెట్టి ఉంచారు. లక్ష్మవ్వ చాయ్ తెచ్చింది, ఎన్నడూ లేనిది చిక్కగా ఉంది. అందరూ నా మొహమే చూస్తూ కూర్చున్నారు. నేను రోడ్డు చూస్తూ తాగాను.

ఆ రోజు నుంచి మాట మీద నిలబడి ఉన్నాను. యూసుఫ్ ఎవ్వరి ముచ్చటా ఎత్తొద్దన్నాడు గాని, నా ముచ్చట నేను ఎత్తొద్దని అనలేదు. అందుకే వచ్చినవాళ్ళందరికీ ఇదొక్కటే చెప్పుకుంటున్నాను. మధ్యలో గంగారెడ్డి బాపు ఎన్నిక వచ్చిందంటే, అది దారిలో తగిలింది, నేను ఎత్తలేదు.