గొంతుకు మారుతాళం

బస్టాండు ఎదురుగా మందుల షాపు మెట్ల కింద ఒక ఇరుకు సందు ఉంది. అందులో ఒక మనిషి కూర్చుంటే ఇంకో మనిషికి చోటుండదు. ముప్పయ్యెనిమిదేళ్లుగా ఆ కూర్చునే ఒక్క మనిషీ తాళాల మావయ్యే. వెనక గోడ నిండా మేకులు, మేకులకి ఇంకా గాట్లు పడని తాళంచెవులు. ముందున్న బల్లకి ఒక బిగింపు, దాని పక్కన వాడి వాడి నున్నబడ్డ ఆకురాళ్లు. ఇప్పుడు అందరూ మెషిన్ల మీద కోస్తున్నారు గానీ ఆయన చేత్తోనే అరగదీస్తాడు. చెవి ఎక్కడ పట్టేస్తోందో వేళ్లకి తెలిసినట్టు మెషినుకి తెలియదంటాడు.

అంటాడంటే, ఫోను చేత అనిపిస్తాడు.

మూడేళ్ల కిందట ఆయనకి గొంతులో కణితి లేచింది. స్వరపేటిక తీసేస్తేనే మనిషి దక్కుతాడన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కి పది రోజులు టైముంది. కళ్లజోళ్ల షాపులో పనిచేసే కూతురు ఆ పది రోజులూ ఏడుస్తూ కూర్చోలేదు. బడిలో కంప్యూటర్లు నేర్పే స్నేహితురాలిని వెంటబెట్టుకొచ్చింది. ఇద్దరూ పడగ్గది కిటికీలు మూసి, గోడలకి దుప్పట్లు వేలాడదీసి, ఆయన చేత మాటలు రికార్డు చేయించారు. ఏ మాటలు కావాలో రాసివ్వమంటే ఆయన రాసిందంతా షాపు భాషే. అసలు తాళం ఉందా, ఇల్లు ఎవరిది, పది నిమిషాలు పడుతుంది, తిరగకపోతే మళ్లీ పట్టుకురండి. ఆఖరి రోజున అలసిపోయి, “ఇంక చాలు తల్లీ, నోరు పిడచగట్టుకుపోయింది” అన్నాడు. అదీ రికార్డయిపోయింది. మాటకో బటనుతో ఫోనుకి ఒక యాప్ తయారుచేసిన టీచరమ్మ దానికి కూడా ఒక బటను పెట్టింది. తాళం కోసం వచ్చి తమ ఇంటి కథలన్నీ విప్పేవాళ్ల దగ్గర ఆయన ఎక్కువగా నొక్కేది ఆ బటనునే.

అలా రెండొందల పన్నెండు మాటలతో ఆయన బతుకు సాఫీగానే నడిచింది. గొంతు అచ్చంగా ఆయనదే, ఆ బొంగురు, ఆ సాగదీత అన్నీ. కొత్తవాళ్లు మొదట ఉలిక్కిపడి, తర్వాత నవ్వి, ఆనక అలవాటుపడేవారు.

మొన్నామధ్య ఫోను బల్ల మీంచి జారి రాతిగచ్చు మీద పడింది. తెర నల్లబడిపోయింది. పోతే పోయిందిలే, రికార్డులన్నీ టీచరమ్మ దగ్గర భద్రంగా ఉన్నాయి కదా అని కూతురు కొత్త ఫోను కొంది. యాప్ ఎక్కించబోతే ఫోను ఒప్పుకోలేదు. తయారుచేసినవాళ్ల వివరాలు ధ్రువీకరించలేదు కాబట్టి ఇన్‌స్టాల్ చేయడం కుదరదని తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి. కొన్న చోటికే తీసుకెళ్లారు.

ఫోన్ల షాపతను చెడ్డవాడేం కాదు. కొత్త రూలు వచ్చిందనీ, కంపెనీ దగ్గర పేరు నమోదు చేసుకోనివాళ్లు తయారుచేసిన యాప్‌ని ఈ ఫోను తీసుకోదనీ ఓపిగ్గా చెప్పాడు. అతని బావమరిది ఎవరో పంపిన లింకు నొక్కి, అందులో ఉన్న యాప్ ఎక్కించుకుని నిండా మునిగాడట. అందుకే ఇదంతా మన మంచికేనన్నాడు.

“మీ యాప్ మంచిదే కావచ్చు మావయ్యా. కానీ కంపెనీ లెక్కలో అది దొంగ యాప్ కిందే వస్తుంది.”

దొంగ అన్న మాటకి ఆయన మొహం ఎర్రబడింది. ఆయన వృత్తిలో ఆ మాటకున్న బరువు వేరు. దొంగతాళం వేరు, మారుతాళం వేరు. సబ్బుముక్క మీద అచ్చు తీసుకొచ్చినవాడికి ఆయన ఈ ముప్పయ్యెనిమిదేళ్లలో ఒక్క చెవీ కోసివ్వలేదు. జేబులో చీటీల పుస్తకం తీసి, అక్షరాలు కాగితంలోకి దిగబడేలా రాసి బల్ల మీద పెట్టాడు.

“తెలియనివాడు వస్తే నేనూ అడుగుతాను. కానీ ఇంటాయనే వచ్చి నా ఇంటికి మారుతాళం చెయ్యమంటే, ఇల్లు కట్టిన మేస్త్రీ దగ్గర చీటీ పట్టుకురమ్మని తిప్పి పంపను.”

షాపతను రెండుసార్లు చదివి, రూలు తను పెట్టలేదు కదా అని తల గోక్కున్నాడు.

నిజమే, అతను పెట్టలేదు. మోసాలు జరగడమూ నిజమే. కానీ మోసగాడికి వేసిన సంకెల అమాయకుడి చేతికి ఎంత సులువుగా పడుతుందో రూలు రాసేవాళ్లకి పట్టదు. డబ్బు పోసి కొన్న ఫోనులో, సొంత గొంతు పెట్టుకోవడానికి, మొహం కూడా తెలియని కంపెనీ తలూపాలి. టీచరమ్మ ముందుగా కంపెనీవారి సొంత యాప్‌ల అంగట్లో పెట్టమని అడిగింది. ఇది చాలా కొద్దిమందికే ఉపయోగపడుతుంది కనక పెట్టలేమని జవాబొచ్చింది. ఒక మనిషి గొంతు ఎంతమందికి ఉపయోగపడాలి మరి?

ఇక మిగిలింది పేరు నమోదు. టీచరమ్మ ఫారం నింపి, గుర్తింపు కార్డు ఫొటో జతచేసి పంపింది. వివరాలు సరిపోలడం లేదని తిప్పి పంపారు. ఫొటో మసగ్గా ఉందేమోనని మళ్లీ తీసి పంపింది. మళ్లీ అదే మాట. మూడోసారీ అంతే. ఎందుకు సరిపోలలేదో చెప్పే నాథుడు లేడు. ఫోన్ చేద్దామంటే నంబరు లేదు.

ఈలోగా పది రోజులు గడిచాయి. షాపులో చీటీల మీద రాసి చూపిస్తున్నాడు. రాసేలోపు బస్సొచ్చిందని పరిగెత్తేవాళ్లే ఎక్కువ. ఇంట్లో ఎప్పట్లాగే తాళాల గుత్తి గలగలలాడించి భార్యని పిలుస్తున్నాడు.

పదో రోజు సాయంత్రం టీచరమ్మ లాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చింది. నాలుగోసారి కూడా తిప్పి పంపితే ఇక ఆరునెలలదాకా అడగడానికి లేదని చెప్పింది. ఆయన కళ్లజోడు సవరించుకుని, కార్డుని తెర పక్కన పెట్టి, ఒక్కో అక్షరం మీద వేలు జరుపుతూ పోల్చాడు. అసలు చెవినీ తను కోసిన చెవినీ పక్కపక్కన పెట్టి గాట్లు చూసుకునే పద్ధతే అది. రెండు నిమిషాల తర్వాత వేలు ఆగింది. చీటీ మీద రాశాడు: “గాట్లన్నీ సరే. చెవి తలకిందులుగా దూర్చావు.”

మొదటి పేరు అన్న చోట టీచరమ్మ తన ఇంటిపేరు రాసింది.

“మొదటి పేరంటే మొదట రాసేదే కదా బాబాయ్. మనకి ఇంటిపేరేగా ముందొచ్చేది” అని, సగంలోనే సంగతి అర్థమై నెత్తి కొట్టుకుంది. కార్డు ఇచ్చినవాళ్లేమో సొంత పేరే ముందు వేసి, ఇంటిపేరు చివర్న తగిలించారు. అటుదిటు మార్చి పంపింది.

ఎలాగూ యాప్ మళ్లీ తయారుచేస్తున్నాను కదా, మాటలేమైనా తగ్గాయా అని అడిగింది. ఆయన లేదన్నట్టు తలూపాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య మాత్రం ఊరుకోలేదు.

“రెండొందల పన్నెండు మాటల్లో నన్ను పిలవడానికి ఒక్కటైనా ఉందేమో వెతకమ్మా. ఆపరేషన్‌కి ముందు దగ్గి పిలిచేవారు. ఇప్పుడు ఆ దగ్గూ లేదు.”

ముగ్గురూ కూర్చుని రికార్డులన్నీ మొదట్నుంచీ విన్నారు. పిలుపులాంటిది ఒకే ఒక్కచోట దొరికింది. గిరాకీకి చెవి చేతికిస్తూ అనేది: ఇదిగోండి, మీ తాళంచెవి. టీచరమ్మ సంబరపడిపోయి, చివరి మాటలు కత్తిరించేస్తాననీ, ఆ ‘అండి’ కూడా తీసేస్తే చక్కగా ‘ఇదిగో’ అని మిగులుతుందనీ చెప్పింది.

“తియ్యకమ్మా, ఉండనీ” అంది ఆవిడ. “ముప్పయ్యేళ్ల కాపురంలో ఆ మర్యాద ఒక్కనాడూ దక్కలేదు.”

ఆయన భుజాలు కదిలేలా నవ్వాడు. చప్పుడు లేని నవ్వు.

రెండోనాడు మధ్యాహ్నం కంపెనీ ఒప్పుకుంది. సాయంత్రం కూతురు యాప్ ఎక్కించి తండ్రి చేతికిచ్చింది. ఆయన ముందుగదిలో కుర్చీలో కూర్చుని కొత్త బటను వెతుక్కుని నొక్కాడు.

ఇదిగోండి.

ఆవిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, ఏం కావాలని అడిగింది. ఆయనకేమీ అక్కర్లేదు. పక్కనున్న కుర్చీ ఆవిడ వైపు జరిపాడు.