ఏటి లెక్కలు

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో శిక్షణ అంటే నాకు ఎంత గౌరవమంటే, శిక్షణకు రమ్మని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తే లేచి నిలబడి చదివేవాణ్ణి. లెక్కల మాస్టారికి లెక్కలు వస్తే చాలదనీ, వాటిని ఆనందంగా చెప్పడం కూడా రావాలనీ, ఆ ఆనందాన్ని మండల కేంద్రంలో వారం రోజుల పాటు టిఫిన్‌తో సహా పెట్టి పంపిస్తారనీ గట్టిగా నమ్మేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడు నవ్వడానికి ధైర్యం ఉండేది కాదు, ఎందుకంటే నేను ప్రొబేషనులో ఉన్నాను. (ప్రొబేషను అంటే తెలియని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను: ఉద్యోగం ఇచ్చారు గానీ ఇంకా పూర్తిగా ఇవ్వలేదన్నమాట. పైవాళ్లు వచ్చి తరగతి చూసి, బాగుందని రాస్తేనే అది మనది.) విజయనగరం వైపు మా ఊళ్లో మా అమ్మ అప్పటికే "మా గుంటడు గవర్నమెంటు మేస్టరైపోనాడు" అని ఇంటింటికీ చెప్పేసింది కాబట్టి, ఉద్యోగం ఊడితే తిరిగి వెళ్లడానికి నాకు ఊరు కూడా మిగల్లేదు.

నా బడి అనంతగిరి దాటాక, బస్సు దిగి కాఫీ తోటల్లోంచి కొండెక్కితే వచ్చే చిన్న ఊళ్లో ఉండేది. ఇద్దరమే ఉపాధ్యాయులం, నేనూ, పెద్ద మాస్టారూ. పెద్ద మాస్టారికి రిటైర్మెంటు దగ్గర పడింది. మంచు కురిసే పొద్దున కూడా ఆయనకు చెమట పట్టించగల మాట ఒకటుంది, అది మెమో. ఆ మాట తన చెవిన పడకుండా పదవీకాలం ముగించుకోవడమే తన జీవితాశయమని నేను చేరిన రోజే నాతో చెప్పారు.

ఆ ఏడాది శిక్షణకి మమ్మల్నిద్దర్నీ పిలిచారు. శిక్షణ ఇవ్వడానికి రాజధాని నుంచి ఒక మేడం వచ్చారు. డెల్టా మనిషి, మంచి మనిషి, ఉత్సాహం ఎక్కువ. పొద్దున్నే మా అందరి చేతా వాన చప్పట్లు కొట్టించేవారు, అంటే ముందు ఒక వేలితో, తర్వాత రెండు వేళ్లతో, ఆఖరికి అరచేతులతో కొడితే వాన కురిసినట్టు ఉంటుందని. (బయట అసలు వాన దంచుతుండేది, దాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు.) రుణ సంఖ్యలు నేర్పడానికి నేల మీద సుద్దతో సంఖ్యారేఖ గీసి, పెద్ద మాస్టారిని కప్పలా గెంతమన్నారు. ఆయన సున్నా దగ్గర బయల్దేరి ఎడమ వైపు గెంతుతూ గెంతుతూ పోయి మైనస్ నాలుగు దగ్గర మోకాలు పట్టేసి కూలబడ్డారు. మేం ఇద్దరు ముగ్గురం చేరి ఆయన్ని మళ్లీ సున్నా దగ్గరికి మోసుకొచ్చాం. మేడం ఆ దృశ్యాన్ని ఫొటో తీసి "సహకార అభ్యసనం" అని గ్రూపులో పెట్టారు.

ఆవిడకి అన్నింటికంటే ఇష్టమైనది స్థానిక సందర్భం. "పిల్లల చుట్టూ ఉన్నదే గణితం మాస్టారూ! ఎక్కడివో యాపిల్ పళ్లు మనకెందుకు? వాళ్ల కొండ, వాళ్ల చెట్టు, వాళ్ల ఏరు, వాటిల్లోంచి లెక్క పుట్టాలి" అనేవారు, సరిగ్గా మాకు టీతో పాటు యాపిల్ ముక్కలు పంచే వేళకి. మేం నోటినిండా యాపిల్ పెట్టుకుని తలలూపేవాళ్లం. ఆఖరి రోజున అందరం థర్మాకోల్‌తో తలా ఒక భిన్నాల చక్రం చేసుకున్నాం. నాది బస్సులో ఒకావిడ పసుపు మూట కింద పడి, కొండెక్కేసరికి పావు భాగమే మిగిలింది. భిన్నం అనే మాటకి అర్థం నాకు ఆ రోజు బాగా బోధపడింది.

కొన్నాళ్లకి మేడమే మా బడి చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. శిక్షణలో నేర్చుకున్నది తరగతిలో చేస్తున్నామో లేదో చూసి, నా ప్రొబేషను సంగతి కూడా ఆవిడే రాస్తారట. పెద్ద మాస్టారు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. నేను పావు చక్రానికి మిగతా ముప్పావూ అట్టముక్కతో అతికించి, దాని మీద నాలుగు రంగులు పూసి, గోడకి వేలాడదీశాను. మేడం వచ్చేసరికి మంచుకి తడిసి ఆ జిగురు ఊడిపోయి, రంగులన్నీ ఒకదాన్లో ఒకటి కలిసిపోయి, నేల మీద ముద్దగా పడి ఉంది. బల్ల మీద ఏ సామగ్రీ లేక, బోర్డు మీద ఏ లెక్కా లేక, నేను ఉత్త చేతులతో నిలబడ్డాను.

మేడం నా వైపు చూడకుండా తిన్నగా పిల్లల దగ్గరికి వెళ్లారు. ముందు వరసలో కొసరు గుంట కూర్చుంది. (అది నేను పెట్టిన పేరే. మా వైపు గుంట అంటే పిల్ల. సంతలో బేరం కుదిరాక కూడా కొసరు వేయించుకునేవాళ్లలాగా, ఏం చెప్పినా ఆ పిల్ల పైన ఇంకో ప్రశ్న వేసేది.) ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది వేరే భాష. తెలుగంతా ఆ పిల్ల సంతలో వ్యాపారుల దగ్గరా, బడిలో నా దగ్గరా నేర్చుకున్నదే. మేడం వంగి, ముద్దుగా, "ఏ లెక్క చేస్తున్నావమ్మా?" అని అడిగారు. కొసరు గుంట అప్పుడు మేడం బూటు మీదికి ఎక్కుతున్న జలగ వైపు శ్రద్ధగా చూస్తోంది. ప్రశ్న సగమే వినబడింది.

"ఏటి లెక్క?" అంది.

మేడం నిటారుగా లేచారు. కళ్లు మెరిశాయి. "ఏటి లెక్క! విన్నారా? ఏటి దగ్గర కొలిచి చేస్తారా తల్లీ?"

"ఏటి కొలిసి?" అంది కొసరు గుంట, ఇంకా జలగ మీదే చూపు పెట్టి.

"చూశారా, ఏటిని కొలిచి!" అని మేడం నా వైపు తిరిగారు. మా వైపు ఏమిటి అనడానికి ఏటి అంటామని రాష్ట్రంలో తెలియనివాళ్లు ఉండరు. సినిమాల్లో మా మాటలకే కదా అందరూ పడీపడీ నవ్వుతారు. కానీ ఆ క్షణాన మేడం చెవుల నిండా స్థానిక సందర్భం ఉంది, ఇంకే మాటకీ చోటు లేదు. కొసరు గుంట నా ముఖం చూసి భయపడి, "ఏటి సెప్పాల సారూ?" అంది.

"ఏటి చేపల లెక్కలు కూడానా!" అన్నారు మేడం ఆనందంతో. "ఇక్కడ చ ని స అంటారు, నాకు తెలుసు. భాషని గౌరవించాలి మాస్టారూ."

నేను నోరు తెరిచాను. వెనకనుంచి పెద్ద మాస్టారు నా కాలి మీద కాలు వేసి (మోకాలు పట్టేసిన కాలే, కానీ ఆ రోజు దానికి ఏనుగు బలం వచ్చింది) ముందుకొచ్చారు. "అవునండి మేడం. మా పిల్లలు ఏటి లెక్కల్లో శానా గట్టి పిండాలండి" అన్నారు. మేడం పొంగిపోయి, రాష్ట్రమంతటికీ వేసే ఉపాధ్యాయుల పుస్తకంలో దీన్నొక అధ్యాయంగా పెడతామని, త్వరలో కెమెరా వాళ్లని తీసుకుని వస్తామని, ఆ వీడియో అయ్యాక నా ప్రొబేషను సంగతి తనే దగ్గరుండి చూస్తానని చెప్పి, జలగతో సహా కొండ దిగిపోయారు.

"మేస్టారూ, మనూళ్లో ఏరు కూడా నేదు కదండీ, గెడ్డే కదా ఉంది" అన్నాను నేను. (కొండ మీద నుంచి పారే చిన్న వాగుని మా వైపు గెడ్డ అంటారు. ఏరు అన్న మాట పిల్లలెవరూ విని ఉండరు.)

"ఒరే బాబూ, ఆవిడ ఏరంటే అది ఏరే. నీ ప్రొబేషనూ నా పింఛనూ రెండూ ఆ ఏట్లోనే ఉన్నాయి. సెడగొట్టకు. బేగి ఏటో ఒకటి సెయ్యి" అన్నారు పెద్ద మాస్టారు.

అలా లేని ఏటికి లెక్కలు పుట్టించడానికి పిల్లల్ని వెంటేసుకుని గెడ్డకి వెళ్లాను. అడ్డాకులతో పడవలు చేయించాను. తాడుకి ముడులు వేసి గట్టు వెంట దూరం కొలిచాం, పడవ ఆ దూరం పోవడానికి ఎంతసేపు పడుతోందో ఫోన్‌లో చూశాం, దూరాన్ని కాలంతో భాగించాం. మొదటి రోజు నేను నాచు మీద జారి, భాగహారం మధ్యలో, నడుము లోతు నీళ్లలో కూర్చుండిపోయాను. గట్టు మీద గొడుగు పట్టుకున్న పెద్ద మాస్టారు "లోతు కూడా తెలిసిపోనాది, రాసుకోండి" అని పిల్లలకి చెప్పారు. పిల్లలు నిజంగానే రాసుకున్నారు. శిక్షణలో వారం రోజులు వెతికినా కనబడని ఆనందం ఆ గెడ్డ దగ్గర కనబడిందని చెప్పడానికి నాకు కొంచెం ఉక్రోషంగా ఉంది. పిల్లలు బడి గంట కొట్టకముందే ఆకులు కోసుకుని సిద్ధంగా ఉండేవారు. కొసరు గుంట అయితే ఒకరోజు, "మజ్జినేమో నీరు బేగి ఎల్తంది, ఒడ్డునేమో నిదానంగా ఎల్తంది. మరి గెడ్డ జోరు ఏది రాయాలి సారూ?" అని అడిగింది. నాకు తెలియలేదు. మధ్యది రాయమన్నాను. "ఎందుకు?" అంది. ఎందుకని అడిగే పిల్లల్ని తయారుచెయ్యాలని మేడం పదేపదే చెప్పారు గానీ, అడిగాక ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు.

మేడం కెమెరా వాళ్లని తీసుకుని వచ్చిన రోజున ఎండ బాగా కాసింది. పడవలు చక్కగా వెళ్లాయి. ఆఖర్న కొసరు గుంట కెమెరా ముందు నిలబడి, "మేము మా ఏటి దగ్గర లెక్కలు నేర్చుకుంటాము" అని చెప్పాలి. నిలబడింది. "మేము మా గెడ్డ దగ్గర లెక్కలు నేర్చుకుంటాము" అంది.

"గెడ్డ కాదమ్మా, ఏరు" అన్నాడు కెమెరా అతను.

"ఏరేటి?" అంది.

"ఇదే."

"ఇది గెడ్డ కదా."

మళ్లీ తీశారు. మళ్లీ గెడ్డే అంది. నేను బతిమాలాను, పెద్ద మాస్టారు కళ్లెర్రజేశారు, కెమెరా అతను విసుక్కున్నాడు. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి గానీ నోటమ్మట ఏరు మాత్రం రాలేదు. "గెడ్డని ఏరని ఎందుకనాల సారూ?" అని నన్నే అడిగింది. నాకు చాలా సిగ్గేసింది. పోతే పోనీ ఉద్యోగం అనుకుని (నిజానికి అనుకోలేదు, కాళ్లు వాటంతట అవే నడిచాయి) మేడం దగ్గరికి వెళ్లి, "మేడం, ఆ రోజు ఆ పిల్ల ఏటి లెక్క అంటే, ఏమిటి లెక్క అని అడిగిందండి" అని చెప్పేశాను.

మేడం కెమెరా వాళ్లకి వినబడకుండా నన్ను గట్టు మీద పక్కకి తీసుకెళ్లారు. "తెలుసు మాస్టారూ. ఆ రోజే తెలిసింది. దిగుతుంటే డ్రైవరు చెప్పాడు. నవ్వు ఆపుకోలేక జీపు పక్కన ఆపేశాడు."

"మరి?"

"అప్పటికే సిగ్నల్ ఉన్న మలుపు దాటేశాం. నేను పైకి మెసేజ్ పెట్టేశాను. వాళ్లు ఇంకా పైకి పెట్టేశారు. మీటింగులో చప్పట్లు కొట్టారట. ఇప్పుడు వెళ్లి అది ఏరు కాదు, ఏమిటి అని ఎవరికి చెప్పను?" అని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నాది డెప్యుటేషను మాస్టారూ. ఏటేటా వాళ్లు పొడిగిస్తేనే." శిక్షణ హాల్లో అంత ఎత్తున కనబడిన మనిషి ఆ గట్టు మీద నా పక్కన నాలాగే ఉన్నారు. నాకు ఆవిడ మీద కోపం రాలేదు. వస్తే బాగుండేదేమో.

చివరికి కొసరు గుంట పడవ వదులుతున్న బొమ్మ మాత్రం ఉంచి, ఆ మాట నా గొంతుతో చెప్పించారు. "మేము మా ఏటి దగ్గర" అని నేను ఎంత స్పష్టంగా చెప్పానంటే, డెల్టాలో పుట్టినవాళ్లు కూడా అలా చెప్పలేరు. వీడియో వచ్చాక పిల్లలందరికీ నా ఫోన్‌లో చూపించాను. అందరూ కేరింతలు కొట్టారు. కొసరు గుంట మాత్రం ఫోన్ చెవికి ఆనించుకుని రెండోసారి విని, "నాను సెప్పింది ఏటైపోనాది సారూ?" అంది.

"సౌండు సరిగ్గా రాలేదమ్మా."

"గెడ్డ సౌండు వచ్చినాది కదా" అంది.

నా ప్రొబేషను డిక్లేర్ అయింది. మా అమ్మ ఊరందరికీ లడ్డూలు పంచింది. పెద్ద మాస్టారు ఒక్క మెమో కూడా లేకుండా, దండ వేయించుకుని రిటైరయ్యారు. పుస్తకం అచ్చయి వచ్చింది, "ఏటి లెక్కలు" అందులో మంచి అధ్యాయమనే పేరు కూడా తెచ్చుకుంది.

ఇప్పుడు నాకూ కళ్లజోడు వచ్చింది, కాస్త బొజ్జ వచ్చింది, శిక్షణలకు నన్నే పిలుస్తున్నారు. వాన చప్పట్లు నేనే కొట్టిస్తాను. మొన్న ఒక శిక్షణలో ఆ అధ్యాయమే చెబుతుంటే, గూడెం కొత్తవీధి వైపు నుంచి వచ్చిన ఒక కుర్ర మాస్టారు, కొత్త స్వెట్టరుతో ముందు వరసలో కూర్చున్నవాడు, చెయ్యెత్తాడు. "సార్, మా దగ్గర ఏరు నేదండి. గెడ్డే ఉందండి. పర్లేదాండి?" అన్నాడు. అసలు సంగతంతా నా నాలుక చివరిదాకా వచ్చింది. వెనక కుర్చీల్లో పైనుంచి వచ్చినవాళ్లు కూర్చుని ఉన్నారు.

"ప్రొబేషనా బాబూ?" అని అడిగాను.

"అవునండి."

"గెడ్డయినా పర్లేదు. వీడియోలో మాత్రం ఏరనే సెప్పు" అన్నాను.

అతను బుద్ధిగా రాసుకున్నాడు. ఎందుకని అడుగుతాడేమోనని కాసేపు ఆగి చూశాను. అడగలేదు. ప్రాణం కుదుటపడింది, కొంచెం దిగులు కూడా వేసింది. నాలో నేనే నవ్వుకుని తర్వాతి స్లైడుకి వెళ్లాను.