లేని దేశంల అక్క బిడ్డ పేరు

ఆరేండ్ల సంది గుండెల మీద బండ పెట్టుకొని తిరుగుతున్న. జైనూర్ల బడిపిల్లలకు పాఠం చెప్పుకుంట, బస్సుల కూసోని, అన్నం తినుకుంట గూడ అదే యాది. నేనెవ్వలో మీకు ఎరుకలే. గందుకే మీకు చెప్తున్న.

నాదో పిచ్చి. లాటిన్ అనే పాత భాషకెల్లి ఫ్రెంచి, స్పానిషు పుట్టినయి గద. గట్లనే ఇంకోటి పుడితే ఎట్లుంటదని, లాటిన్ మాటల తోకలు కోసి, నడుములు వంచి, నేనే ఒక భాష అల్లిన. నాలుగు నోటుబుక్కులు నిండినయి. ఇంట్ల అందరు నవ్విండ్రు. మా అక్క నవ్వలే. బాపు నేసే సాంచాలకు దారం కండెలు చుట్టుకుంటనే, మాటలు మంచిగున్నయి గని మాట్లాడేటోళ్లేరే అని అడిగింది.

గప్పటి సంది గా భాష మాట్లాడే మనుషులను అక్కనే ఊహల చేసింది. ఒక దీవి. అండ్ల చేపలు పట్టేటోళ్లు, ఉప్పు ఆరబోసేటోళ్లు. ఎవ్వలు ఎందుకు అలుగుతరో, పెండ్లిల ఏం వండుతరో అన్నీ ఆమెనే చెప్పేది. సముద్రం ఆమె సూడలే. నేనూ సూడలే.

అక్కకు ఆడపిల్ల పుట్టి తొమ్మిదో నాడే పోయింది. మా దిక్కు ఇరవై ఒకటో దినం తొట్లెలేసి పేరు పెడ్తరు. పిల్ల పేరు లేకుంటనే పోయింది. అక్క "గా పిల్ల" అన్నా గూడ ఇంట్లోళ్లు కసురుకునేటోళ్లు. కొన్నాళ్లకు అక్క దీవికి కొత్త రివాజు పెట్టింది: అక్కడ బిడ్డ కడుపుల ఉన్నప్పుడే పేరు పెడ్తరట. నాకో పేరు చేసియ్యవే అన్నది. తెల్లారుడు అనే అర్థమున్న లాటిన్ మాటను అరగదీసి చేసిచ్చిన. అక్క దాన్ని మెల్లగ రెండుసార్లు పలికింది. ఎవ్వలకు చెప్పకన్నది.

చెప్పిన. ఇసొంటి భాషలు అల్లేటోళ్లు ఇంటర్నెట్ల ఒక జాగల కలుస్తరు. అక్కడ నా వ్యాకరణం పెడితే ఒక్కడు పలకలే. రివాజు, పేరు, తొమ్మిది దినాల పిల్ల ముచ్చట పెట్టిన. అంత నా ఊహనే అని రాసిన. వాహ్వా అని ఎగవడ్డరు. సిగ్గు రాలేదా నాకు? రాలే. సంబురమైంది. థూ, నా బతుకు! తర్వాత ఎవడో గా పేరును తన కంప్యూటర్ ఆటల మంత్రగత్తెకు పెట్టుకున్నడు. ఆడేటోళ్లు దాన్ని చంపుకుంట నవ్వుతరు. తీసెయ్యమని ఏ మొఖంతోని అడగాలె? ఉత్త ఊహ అని చెప్పింది నేనే గద.

పోయినేడు అక్క అడిగింది.

"చెల్లె, గా పేరు ఎవ్వలకన్న చెప్పినవా?"

"లేదక్కా. నీ మీదొట్టు."

"నాకెరికే. నువ్వు చెప్పవు."

అనుకుంట నా తల నిమిరింది. అయ్యో, రెండు దెబ్బలు కొట్టినా బాగుండు! ఇప్పుడు నిజం చెప్తే ఏమైతది? నా మనసు తేలికైతది, బిడ్డదని మిగిలిన ఒక్క పేరును ఆమె నోట్లకెల్లి గుంజుకున్నట్టైతది. గందుకే చెప్తలేనని నాకు నేను చెప్పుకుంట. ఇది అక్క మీద ప్రేమనా, పిరికితనమా? పిరికితనమే.

మాఫీ అడుగుతలేను. ఇచ్చేటోళ్లు మీరు కారు. అక్క దుఃఖం దొంగతనం చేసి మెప్పు కొనుక్కున్న. ఆమె మీదనే దొంగ ఒట్టేసిన. గింత రాసినంక జర ఊపిరాడుతున్నది. గా పేరు మాత్రం ఇక్కడ రాయలే. మీకు గూడ చెప్పను.