నోలీన్ పెట్టెలో ఖాళీ గుంట

మన మెర్రెడిన్ ఊళ్ళో ఇప్పుడు ఎవరిని కదిపినా ఒకటే కథ. నోలీన్ టక్‌వెల్‌కి మతి చెడిందట, రెండు వేల డాలర్లు పలికే నాణెం ఇచ్చి బేకరీలో మాంసం కూరిన పై రొట్టె ఒకటి కొనుక్కు తినేసిందట. చెప్పేవాళ్ళు సగం తప్పు చెబుతున్నారు. ఆ నాణేనికి పోసింది పద్నాలుగు వందలు, అదీ నోలీన్ పోయలేదు. ఆ పై రొట్టె ఆవిడ తినలేదు, మూడు రోజులు ఫ్రిజ్‌లో పడుండి చెత్తలోకి పోయింది. ఇక మతి సంగతంటారా, అది నిక్షేపంగా ఉంది. పోతున్నది చూపు. గొడవంతా దాని దగ్గరే మొదలైంది.

నోలీన్‌కి డెబ్బై రెండేళ్ళు. ముప్ఫై ఏళ్ళు బడిపిల్లల హాస్టల్‌లో వంట చేసింది. ఆ పని మానేశాక చేతులు ఊరుకోలేదు. బ్యాంకులో ఇరవై డాలర్లిచ్చి డాలర్ బిళ్ళల కాగితం చుట్ట ఒకటి తెచ్చుకుంటుంది. పేకాట బల్ల మీద పాత దుప్పటి ముక్క పరిచి, చుట్ట చింపి, బిళ్ళలు పోసి, ఒక్కోటీ అటూ ఇటూ తిప్పి చూస్తుంది. పనికొచ్చేది ఉంటే తీసుకుంటుంది. లేకపోతే మిగతావన్నీ మళ్ళీ బ్యాంకుకే. యాభై సెంట్లవీ, ఇరవై సెంట్లవీ అంతే. అరవై ఆరులో కొట్టిన గుండ్రటి వెండి యాభై సెంట్లవి ఇలా పదకొండు పట్టింది. మొదటిది దొరికిన రోజు ఇరుగుపొరుగు అందరికీ కేకు చేసి పంచింది.

ఏటా సెప్టెంబరులో ఊరి షో జరుగుతుంది కదా, గొర్రెల పందేలూ, కేకుల పందేలూ. అందులో నాణేల పెట్టెల పోటీ ఒకటుంది. చిల్లరలో దొరికినవే పెట్టాలి, కొన్నవి కూడదు. పెట్టెతో పాటు ఒక కార్డు ఇస్తారు. ఇవన్నీ నాకు నేనుగా చిల్లరలో ఏరుకున్నవే అని దాని మీద సంతకం పెట్టాలి. పెట్టెలో నలభై ఎనిమిది గుంటలు. ఇన్నేళ్ళలో అన్నీ నింపినవాళ్ళు లేరు. నోలీన్ నలభై ఏడు నింపి పదకొండేళ్ళుగా ఆఖరి దాని కోసం చూస్తోంది.

ఆ ఆఖరిది రెండు వేల సంవత్సరం డాలర్. ఆ ఏడు కొన్ని డాలర్లకి తల వైపు పొరపాటున పది సెంట్ల అచ్చు పడింది. అచ్చు చిన్నది, బిళ్ళ పెద్దది, అందుకని అంచు రెండు వరసలుగా కనిపిస్తుంది. చాలావరకు పెర్త్ వైపే దొరికాయని చెబుతారు. పెర్త్ నుంచి మనకెంత దూరం, ఇవాళ కాకపోతే రేపు ఒకటి రాకపోతుందా అని నోలీన్ కూర్చుంది.

రాలేదు. పైగా పని ఏటికేడాది కష్టమైపోయింది. జనం కాఫీకి కూడా కార్డే గీకుతున్నారు, చిల్లర తిరిగితేగా. బ్యాంకు వారానికి రెండు రోజులకి దిగింది. ఒక్కో గురువారం తెచ్చిన చుట్టలన్నీ తళతళలాడే కొత్త బిళ్ళలే, అన్నిటి మీదా కొత్తగా గద్దెనెక్కిన రాజుగారి మొహమే. ఏం చెయ్యమంటారు వాటిని? కౌంటర్లో ఉండే రోచెల్ పాపం, ఈసారి పాతవి పంపమని రాశాను నోలీన్ గారూ అని ప్రతి వారం చెప్పేది. వచ్చేవి మాత్రం మళ్ళీ కొత్తవే.

పోయిన జనవరిలో వంటింటి తలుపు చట్రం వంకరగా కనబడింది. వడ్రంగిని పిలిచింది. అతను కొలిచి, చట్రం తిన్నగానే ఉందమ్మా అన్నాడు. పెర్త్‌లో కంటి డాక్టరు చూసి, చూపుకి నడిమధ్య మసక కమ్ముతోందన్నాడు. ఆరు వారాలకోసారి రైలెక్కి వెళ్ళి కంట్లో సూది వేయించుకుని వస్తోంది. అది మసకని ఆపదట, నెమ్మది చేస్తుందట. ఇక చూడండి ఆవిడ తొందర. వారానికి పది చుట్టలు తెచ్చేది, దీపం కింద భూతద్దం పెట్టుకుని తల నొప్పెట్టేదాకా చూసేది. కళ్ళుండగా ఆ గుంట నిండాలి, అంతే.

పక్కింటి కెల్విన్ స్టొడార్ట్ ఇది చూస్తూ ఉండలేకపోయాడు. నలభై ఏళ్ళ స్నేహం వాళ్ళది. షోలో నాణేల పోటీకి కార్డులు తీసుకునేదీ అతనే. అంతకుముందు గోధుమల కొట్టు దగ్గర పనిచేశాడు. వచ్చిన ప్రతి లారీలోనూ గొట్టం గుచ్చి, మచ్చు తీసి, చిన్న కాగితం సంచిలో పోసి, మూతి మడవడం అతని పని. ఎన్ని వేల సంచులు మడిచాడో అతనికే తెలీదు.

జూన్‌లో ఒక గురువారం నోలీన్ నాలుగో చుట్ట విప్పింది. మూడో బిళ్ళే అది. రెండు వరసల అంచు. భూతద్దం పెట్టి చూసింది, దీపం దగ్గరికి జరిపి చూసింది. కెటిల్లో నీళ్ళు పెట్టి వచ్చి మళ్ళీ చూసింది. ఆ నీళ్ళు కాగేదాకానే ఆవిడ సంతోషం. బిళ్ళ మరీ మెరుస్తోంది. ఇరవై ఏళ్ళు జేబుల్లో తిరిగిన బిళ్ళకి మట్టి అంటదా? చుట్ట కాగితం తీసి చూసింది. మరలో చుట్టిన చుట్టకి చివర గుండ్రంగా నొక్కి ఉంటుంది. దీనికి రెండు మడతలు, కొస లోపలికి దోపి ఉంది.

కాగితం పట్టుకుని కంచె దగ్గరికి వెళ్ళింది.

"కెల్విన్, ఈ మడత ఎవరిది?"

"ఏ మడత?"

"గోధుమ సంచులకి వేసింది చాలక నా చుట్టకి కూడా వేశావా?"

పద్నాలుగు వందలు పోసి కొన్నది తనేనని కెల్విన్ ఒప్పుకున్నాడు. రోచెల్‌ని ఏమనకు, నేనే బతిమాలి ఆ చుట్ట నీకిప్పించానన్నాడు. "ఆ గుంట నిండడం నువ్వు చూస్తావని చేశాను నోలీన్."

"నేను చూడ్డానికా? నా కళ్ళకి గంతలు కట్టి చూడమంటావా? దీన్ని పెట్టి ఆ కార్డు మీద సంతకం ఎలా చెయ్యను? తీసుకునేదీ నువ్వే కదయ్యా, సిగ్గు లేదూ?"

బిళ్ళ తిరిగిస్తే అతను చేతులు వెనక పెట్టుకున్నాడు. మర్నాడు ఆవిడ లియెన్ నడిపే బేకరీకి వెళ్ళి, చిల్లరలో దాన్ని కలిపి ఇచ్చి, మాంసం పై రొట్టె కొనుక్కుని వచ్చేసింది. తిరిగే చిల్లరలోకి వెళ్ళిపోతే ఎప్పటికైనా ఎవరో ఒకరికి న్యాయంగా దొరుకుతుందని ఆవిడ లెక్క. సంగతి తెలిసి కెల్విన్ పరుగెత్తుకెళ్ళేసరికి లియెన్ దాన్ని ఒక లారీ డ్రైవరుకి చిల్లరగా ఇచ్చేసింది. పాపం ఆవిడకేం తెలుసు? ఆ బిళ్ళ అతనితో కల్‌గూర్లీ ఊరి వైపు వెళ్ళిపోయింది. ఊళ్ళో కబురు ఆ బేకరీలోనే పుట్టింది.

ఆ తరవాత కెల్విన్‌తో మాటలు లేవు. అదొక ఎత్తు. చుట్ట విప్పడంలో రుచే పోయింది నోలీన్‌కి, అదింకో ఎత్తు. బిళ్ళల కంటే ముందు కాగితం చూడడం, ఏదైనా మంచిది తగిలితే ఇదెవరు పెట్టారని ఆలోచించడం. అరుదుగా వచ్చే రంగు పూసిన రెండు డాలర్ల బిళ్ళ దొరికితే రోచెల్‌ని నిలదీసింది. రోచెల్ ఏడ్చినంత పని చేసింది. అయినా చుట్టలు మానలేదు. చూపు ఆననప్పుడు బొటనవేలి గోరుతో అంచు గీరి చూడడం నేర్చుకుంది. రెండో వరస ఉంటే గోరు ఆగుతుంది.

పోయిన మంగళవారం గోరు ఆగింది.

ఇది కెల్విన్ పెట్టిన ఆ బిళ్ళ కాదు. అరిగి నల్లబడింది, ఏదో జిగురు కూడా అంటుకుంది. కాగితం మర నొక్కినదే. అయినా నోలీన్‌కి అనుమానం తీరలేదు. రెండు నెలల తరవాత మళ్ళీ కంచె దగ్గరికి వెళ్ళింది.

"ఇది నీదేనా?"

"కాదు."

"ఒట్టు?"

"ఒట్టు. ఇంకోటి కొనే తాహతు నాకెక్కడిది?"

"అప్పుడూ మొహం ఇలాగే పెట్టావు. మర మడత కూడా నేర్చావేమో, ఎవరికి తెలుసు?"

 కెల్విన్ ఎన్ని ఒట్లు పెట్టినా ఆవిడ నమ్మేట్టు లేదు. పదకొండేళ్ళు ఎదురుచూసిన బిళ్ళ సాసర్‌లో ఉంది, దాని గుంట పక్కనే ఖాళీగా ఉంది, కార్డు మీద సంతకం లేదు. శుక్రవారంతో షోకి పేర్లివ్వడం అయిపోతుంది. వచ్చే ఏడు ఆవిడ కార్డు మీద గీత ఎక్కడుందో చూసి సంతకం పెట్టగలదో లేదో డాక్టరు కూడా చెప్పడం లేదు.

అందుకని మీకో మాట. మీలో ఎవరైనా జాలిపడి ఆ బిళ్ళ చుట్టలో దూర్చి ఉంటే వెళ్ళి ఒప్పేసుకోండి, నాలుగు తిట్టి టీ ఇస్తుంది. దూర్చకపోయినా వెళ్ళండి. రైలు గేటు దాటాక ఆకుపచ్చ కంచె ఇల్లు. నేను కాదు నోలీన్ అని చెప్పి కాసేపు కూర్చోండి. పది మంది నోట వింటే నమ్ముతుందేమో. వెళ్ళినప్పుడు గుమ్మంలోనే పేరు చెప్పండి, ఈ మధ్య మొహాలు పోల్చుకోలేకపోతోంది.