చుట్టాల ఊళ్లు ఎర్రబడ్డ పటం

2003లో నన్ను మత్స్యశాఖ సహాయ సంచాలకుడిగా భీమవరం వేశారు. కింది అధికారులు తెచ్చే నివేదికలు చూడడం, రొయ్యల చెరువుల్లో తెగులు పడితే రైతులకు దారి చెప్పడం నా పని. ఆ ఏడాదే ఆఫీసు కంప్యూటర్లోకి కొత్త పటం వచ్చింది. అందులో ఒక ఊరి మీద నొక్కితే, అక్కడ తెగులు పెరిగినప్పుడే తమ దగ్గరా పెరిగి, తగ్గినప్పుడే తగ్గిన ఊళ్లన్నీ ఎర్రబడేవి. కింద ఉన్న గీటు మీది గుర్తును జరిపితే నెలలు మారేవి. నాకది తెగ నచ్చేసింది. పని లేకపోయినా నొక్కుతూ కూర్చునేవాణ్ని.

అప్పుడే రొయ్యల రైతు సుబ్బరాజు గారి చెరువుల్లో వరసగా రెండో పంటకు కూడా తెల్లమచ్చ తెగులు పడింది. ఎగువ ఊరివాళ్లు చెరువుల నీళ్లు మురుగు కాలువలోకి వదలడం వల్లే ఇదంతా అని ఆయన నమ్మకం. కాలువకు అడ్డంగా మట్టి పోయించడానికి ట్రాక్టర్లు కూడా మాట్లాడేశారు. పోస్తే పైన వరిచేలు మునుగుతాయి, రెండు ఊళ్లూ కొట్టుకుంటాయి. నాకు భయం వేసింది. ఒక్కసారి పటం చూసి వెళ్లమని కబురు పెట్టాను.

ఆయన ముందే ఆయన ఊరి మీద నొక్కాను. ఎగువ ఊరు ఎర్రబడలేదు. వేరే కాలువల మీద, ఎక్కడో దూరాన ఉన్న నాలుగు ఊళ్లు ఎర్రబడ్డాయి. నెలలు వెనక్కి జరిపినా అవే ఊళ్లు.

“మా చుట్టాల ఊళ్లన్నీ ఎర్రబడ్డాయేంటండి?” అన్నారు సుబ్బరాజు గారు.

నాకేమీ అంతుపట్టలేదు. చుట్టరికానికీ తెగులుకీ ఏమిటి సంబంధం? ఆ ఊళ్లకు రాకపోకలు బాగా ఉన్నాయా అని అడిగాను.

“మేం వెళ్లేది పెళ్లిళ్లకేనండి. మా పట్టుబడి వల మాత్రం వాళ్ల చెరువుల్లో రొయ్యలు పట్టడానికి తిరుగుతా ఉంటుంది. అంత పెద్ద వల వాళ్లెవరికీ లేదు కదండి,” అన్నారు, కాస్త గొప్పగానే.

అంటూనే మళ్లీ పటం వైపు చూశారు. వల వెళ్లిన ఊళ్లు ఇవేనంటూ నాలుగింటి మీదా వేలు పెట్టారు. ఎగువ ఊరికి ఆ వల ఎన్నడూ వెళ్లలేదు. చివరికి నా ఆఫీసు ఫోన్ నుంచే ట్రాక్టర్లు వద్దని చెప్పారు.

వలకు అంటిన తెగులు చావాలని దాన్ని బ్లీచింగు నీళ్లలో ముంచి గట్టు మీద ఎండబెట్టించారు. అరువివ్వడం మానేశారు. వల అడిగితే బావగారు నీతులు చెబుతున్నారండి అని ఆయన బావమరిది నాకే ఫిర్యాదు చేశాడు. తర్వాతి పంట నిలబడింది. పట్టుబడి రోజున నేనూ వెళ్లాను. ఎగువ ఊరి రైతులు కూడా వచ్చి గట్టు మీద నిలబడ్డారు.

కలిసి మారిన ఊళ్లేవో పటం చూపిస్తుంది. వాటిని కలుపుతున్నదేమిటో ఆ ఊరి మనిషిని అడిగి తెలుసుకోవాలి. ఆ రోజు నేనొక్కణ్నే కూర్చుని నొక్కి ఉంటే, ఆ నాలుగు ఊళ్లనూ కంప్యూటర్ పొరపాటు కింద కొట్టేసేవాణ్ని.